అంచు మీద పేరు

నా గూగుల్ షీట్‌లో 19వ నంబరు ఎదురుగా ఇలా ఉంటుంది: బ్రిటిష్ వార్ మెడల్, వెండి, 36 మిల్లీమీటర్లు, రిబ్బన్ లేదు, కండిషన్ బాగుంది, పేరుందా: ఎస్. తర్వాత కొన్న ధర, అమ్మిన ధర, తేడా.

ఆ "ఎస్" గురించే ఇదంతా. పేరుంది. ఆ పేరేమిటో నాకిప్పుడు తెలీదు. చేతిలో పట్టుకుని, భూతద్దంతో చదివి, కండిషన్ సంగతి ఫోన్లో ఒకాయనకి వివరంగా చెప్పి, కొరియర్ చేశాను. ఆ పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

మొదట ఈ నాణేల పిచ్చి ఎలా మొదలైందో చెప్పాలి. అందరికీ మొదలయ్యేచోటే, హాలీ సిక్కా దగ్గరే. చార్మినార్ బొమ్మున్న నిజాం వెండి రూపాయి. బొమ్మలో మధ్య ద్వారం లోపల ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే 'ఐన్'. ఆ ఐన్‌లో మళ్ళీ సగం ఐన్, పూర్తి ఐన్ అని రకాలు. నాలాంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక షీటు తెరిచాను. నంబరు, రకం, లోహం, బరువు, వ్యాసం (డయామీటర్, ఇప్పుడు రాస్తున్నది కాదు), కండిషన్, కొన్న ధర, ఇప్పటి ధర. 7 హాలీ రూపాయలకి 6 బ్రిటిష్ ఇండియా రూపాయలన్న మారకం లెక్క కూడా ఫార్ములాగా పెట్టుకున్నాను. దేనికీ పనికిరాదు, కానీ ఉంది.

గురువారం పొద్దున్నే పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్‌కి వెళ్ళడం అలవాటైంది. తెలియనివాళ్ళు దాన్ని దొంగల బజారంటారు. నిజానికి అది ఇళ్ళు ఖాళీ అయ్యే బజారు. ఎవరో చచ్చిపోతారు, ఎవరో వాటాలు పంచుకుంటారు, ఎవరో అమెరికా వెళ్ళిపోతారు. వాళ్ళ గోడ గడియారాలు, కుట్టుమిషన్లు, తాళంచెవులు లేని తాళాలు, తాళాలు లేని తాళంచెవులు అక్కడ నేలమీద పరిచిన పట్టాల మీదికొస్తాయి. ఒక పెద్దాయన దగ్గర రేకు డబ్బాలో నాణేలు, బిళ్ళలు, బెల్టు బకిళ్ళు కలిసి ఉండేవి. అందులో దొరికింది 19వ నంబరు.

ఆయన దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. మెడల్ని దానిమీద పెట్టి ఆ రోజు వెండి రేటుకి లెక్కకట్టాడు. సరే అని నేను డబ్బులు తీస్తుంటే చెయ్యి అడ్డంపెట్టి, అంచు చూపించాడు.

"నామ్ హై ఇస్‌పే సాబ్. నామ్ కే పైసే అలగ్."

పేరుంది, పేరుకి వేరే డబ్బులు. అప్పుడు నవ్వాను. బేరమాడి, పేరుకి కూడా కలిపి ఇచ్చాను.

ఆ అంచు సంగతి కొంచెం చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం ఈ మెడల్ని 65 లక్షల దాకా పంచింది. ఒకవైపు ఐదో జార్జి తల, ఇంకోవైపు గుర్రమెక్కిన మనిషి. అన్నీ ఒకే అచ్చు. తేడా అంతా అంచుమీదే. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అక్కడ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో అద్దారు. మన దేశం నుంచి పది లక్షలమందికి పైగా ఆ యుద్ధానికి సముద్రం దాటారు. కాబట్టి ఆ అంచులమీద పంజాబీ, గూర్ఖా పేర్లతోపాటు మద్రాసు దళాల పేర్లు, సంస్థానాల దళాల పేర్లు, మన పేర్లూ ఉన్నాయి. రెండో యుద్ధం నాటికి బ్రిటన్ తన సొంత సైనికుల మెడళ్ళమీద కూడా చాలావరకూ పేర్లు వెయ్యడం మానేసింది. అందుకే మొదటి యుద్ధం మెడళ్ళంటే కలెక్టర్లకి అంత మోజు. అచ్చు ఒకటే అయినా ప్రతిదీ వేరే మనిషిది.

అది పాతబస్తీ బేరగాడికీ తెలుసు, లండన్ వేలంశాలకీ తెలుసు. నాకూ తెలిసింది. షీట్‌లో కొత్త కాలమ్ చేర్చాను: "పేరుందా". డ్రాప్‌డౌన్. ఎస్, నో. ఏడాది తిరక్కుండా బొంబాయిలో ఒకాయన దాదాపు రెట్టింపు ఇస్తానంటే అమ్మేశాను. ఆ డబ్బుతో పూర్తి ఐన్ రూపాయి ఒకటి కొన్నాను. మంచి బేరం అనుకున్నాను.

*

22వ నంబరు వేరే రకం. అది నాణెమూ కాదు, మెడలూ కాదు. అమెరికా సైన్యంలో ఛాలెంజ్ కాయిన్ అంటారు.

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఎంఎస్‌కి వెళ్ళి, ఉద్యోగం దొరక్క అవస్థపడి, చివరికి మావ్నీ అనే పథకం కింద అమెరికా సైన్యంలో చేరాడు. 2009లో మొదలైంది ఆ పథకం. గ్రీన్‌కార్డు లేకపోయినా, వీసామీద ఉన్నా, వాళ్ళకి కావలసిన భాషో వైద్యమో తెలిస్తే చేర్చుకునేవాళ్ళు. 2016లో ఆపేశారు. వీడు ఆ సందులోంచి దూరాడు. ఇక్కడ వాళ్ళింట్లో చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత వాళ్ళ నాన్నకి బైపాస్ అయింది. వాడికి సెలవు దొరకలేదు. రెండు వారాలు హాస్పిటల్లో రాత్రిళ్ళు నేనున్నాను. పెద్ద విశేషమేం కాదు, స్నేహితులన్నాక ఎవరైనా ఉంటారు. ఆ తర్వాతి ఏడాది వచ్చినప్పుడు చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి, బయటికొచ్చి, వెళ్ళిపోతూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అరచేతిలో ఏదో గట్టిగా తగిలింది. చెయ్యి వదిలాక చూస్తే ఇత్తడిరంగు బిళ్ళ. మా అరచేతి గుంటలో సరిగ్గా పట్టేంత. ఒకవైపు వాడి దళం గుర్తు, ఇంకోవైపు ఇచ్చిన కమాండర్ హోదా.

దాన్ని అలాగే ఇస్తారట. వేదికలుండవు, సర్టిఫికెట్లుండవు, ఉపన్యాసాలుండవు. పైవాడికి కిందివాడు చేసిన పని నచ్చితే, అందరిముందూ కాకుండా, షేక్‌హ్యాండ్‌లో చేతి కిందనుంచి చేతిలోకి జారుస్తాడు. దీని పుట్టుక గురించి ఒక కథ తిరుగుతుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకి చిక్కి తప్పించుకున్న ఒక అమెరికన్ పైలట్‌ని ఫ్రెంచివాళ్ళు గూఢచారి అనుకుని కాల్చబోతే, మెడలో ఉన్న దళం బిళ్ళ చూపించి బతికాడని. దానికి ఆధారం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. వియత్నాం యుద్ధం నాటికైతే అలవాటు స్థిరపడింది. ఒక ఆట కూడా ఉంది. బార్‌లో ఒకడు తన బిళ్ళని బల్లమీద కొడతాడు. జేబులో తమ బిళ్ళ లేనివాళ్ళు ఆ పూట అందరికీ తాగించాలి. అందరిదగ్గరా ఉంటే కొట్టినవాడు తాగించాలి. ఛాలెంజ్ అంటే అదే. ఇప్పుడు పోలీసులు, ఫైర్‌మెన్, అధ్యక్షులు, చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా చేయిస్తున్నాయి. జింకు మిశ్రమం, పైన ఎనామెల్. ఆర్డరిస్తే వందల్లో పోసిస్తారు. లోహంగా దాని విలువ చిల్లర.

నేనింటికొచ్చి ఏం చేశానో చెప్పనక్కర్లేదు. కాలిపర్‌తో కొలిచాను, తూచాను. నెట్‌లో అదే దళానిది ఎవరో అమ్ముతుంటే ధర చూశాను, రూపాయల్లోకి మార్చి దాదాపు 900 అని వేశాను. కండిషన్ కాలమ్‌లో: "ముందువైపు లోతైన గీత, అంచు నొక్కుకుపోయింది, మైనస్."

కొన్నేళ్ళ తర్వాత వాడు మళ్ళీ వచ్చాడు. మా ఇంట్లో కూర్చున్నాం. నా కలెక్షన్ చూపించమన్నాడు. ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరిచి షీటు చూపించాను. వాడు నెమ్మదిగా స్క్రోల్ చేసుకుంటూ పోయి, 22 దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

"మైనస్సా?" అన్నాడు.

నేనేదో గ్రేడింగ్ గురించి చెప్పబోయాను.

"ఆ గీత ఎట్ల పడ్డదో రాయలేదేందిరా?"

"ఎట్ల పడింది?"

"ఏడ రాస్తవ్? దానికి కాలమ్ లేదు కదా నీ దగ్గర" అని నవ్వి ల్యాప్‌టాప్ మూసేశాడు. కోపం లేదు. కోపమొస్తే బావుండేది. ఆ రాత్రి భోజనం చేసి మామూలుగానే వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు, షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. అది యాదృచ్ఛికమే కావచ్చు.

వాడెళ్ళాక షీటంతా మొదటినుంచీ చదివాను, నాది కాదన్నట్టు. అప్పుడు ఆగాను 19 దగ్గర. పేరుందా: ఎస్.

*

చేతిలోంచి చేతిలోకి వెళ్ళే లోహం గురించి పాతబస్తీకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? చౌమహల్లాలో ఖిల్వత్ దర్బార్ హాలు చూడని హైదరాబాదీ ఉండడు. అక్కడ జరిగిన ముఖ్యమైన పని నజర్. అమీర్లు, జాగీర్దార్లు వరసలో వచ్చి, చేతిరుమాలు మీద ఒక అష్రఫీ, కొన్ని వెండి రూపాయలు పెట్టి, వంగి నిజాం ముందు పట్టుకునేవాళ్ళు. పూర్వపు నిజాంలు దాన్ని తాకి వెనక్కిచ్చేసేవారట. ఏడో నిజాం తీసి ఉంచుకునేవాడని ఆయన గురించి రాసిన చాలామంది పనిగట్టుకుని రాస్తారు. పిసినారితనానికి ఉదాహరణగా. నాకు మాత్రం అందులో లోభం కన్నా పెద్ద విషయం కనిపిస్తుంది. తాకి ఇచ్చేసినప్పుడు ఆ అష్రఫీ డబ్బు కాదు, ఒక సంబంధం. "నేను నీవాణ్ణి", "తెలుసు" అన్న రెండు మాటలు. తీసి సంచిలో వేసుకోగానే అదే అష్రఫీ, అదే బంగారం, డబ్బయిపోయింది. ఆ సంచిలో పడ్డాక ఏది ఎవరిచ్చిందో ఎవరు చెప్పగలరు?

కలెక్టర్లకి ఇది బాగా తెలుసు. వాళ్ళ కేటలాగుల్లో నజరానా నాణేలని ఒక వర్గమే ఉంది. చలామణికి కాదు, సమర్పించడానికే ప్రత్యేకంగా, వెడల్పు బిళ్ళమీద అచ్చు పూర్తిగా పడేటట్టు కొట్టినవి. మామూలు రూపాయికన్నా వాటికి ఎన్నో రెట్లు ధర. వీటన్నిటికీ పెద్దన్న జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన 1000 తులాల బంగారు మొహరు. దాదాపు 12 కిలోలు. దాంతో ఎవడేం కొంటాడు? ఇవ్వడానికే కొట్టించాడు. అలాంటిదొకటి ఇరాన్ రాయబారికి ఇచ్చినట్టు జహంగీరే రాసుకున్నాడు. ఆ మొహరు ఒకటి 1987లో జెనీవాలో వేలానికొచ్చింది, అమ్ముడుపోలేదు. దాని వెనక ఉన్నది మన ఎనిమిదో నిజాం ముకర్రం జా అని వార్తలొచ్చాయి. సీబీఐ విచారణ జరిపింది. నాణెం మాత్రం దొరకలేదు. చక్రవర్తి చేతిలోంచి రాయబారి చేతిలోకి వెళ్ళడానికి పుట్టిన వస్తువు చివరికి వేలంశాలలో లాట్ నంబరైంది. నా ఎక్సెల్ పనితనానికి ఇంత ఘనమైన పూర్వీకులున్నారని ఒక్క క్షణం ఊరట కలిగింది.

ఇక్కడ నాకు తోచిన తేడా ఒకటుంది. రూపాయి గొప్పతనమంతా అది ఎవరిదీ కాకపోవడంలో ఉంది. నా సగం ఐన్ రూపాయి వందేళ్ళలో ఎన్ని వేల చేతులు మారిందో, అందులో ఎవడు మంచివాడో ఎవడు హంతకుడో దానికి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. చేతులు మారడం దాని ధర్మం. దాన్ని సేకరించి, వర్ణించి, ధర కట్టి నేనెవరికీ అన్యాయం చెయ్యలేదు. మెడల్ ధర్మం దానికి పూర్తిగా వ్యతిరేకం. అది ఒక మనిషి దగ్గరికి చేరి ఆగిపోవడానికి పుట్టింది, అందుకే అంచుమీద పేరు. ఛాలెంజ్ కాయిన్ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. చేతులు మారొచ్చు, కానీ చేతిలోంచి చేతిలోకే. ఇచ్చినవాడు ఎదురుగా ఉండాలి.

ఈ మూడింటినీ నేను ఒకే షీట్‌లో, ఒకే కాలమ్స్ కింద పెట్టాను. అంటే మూడింటినీ రూపాయిలు చేశాను. ఇందులో విడ్డూరమేమిటంటే, పేరులేని మెడల్ నాకు అంత అక్కర్లేదు. అది ఒక మనిషిదై ఉండాలి, అప్పుడే నేను ఎక్కువిచ్చి కొంటాను. కొన్న మరుక్షణం అది ఆ మనిషిది కాకుండా పోతుంది, నాదవుతుంది. దేన్ని తెంచుతున్నానో దానికే డబ్బులిస్తున్నాను. "నామ్ కే పైసే అలగ్" అన్న పెద్దాయన నన్ను సరిగ్గానే అంచనా వేశాడు.

*

కలెక్టర్లకి దీనికి ఒక సిద్ధమైన జవాబుంది. నేనూ చాలాసార్లు వాడాను. మేం కొనకపోతే ఇవి కరిగిపోయేవి అని. అబద్ధం కాదు. బ్రిటిష్ వార్ మెడల్ మంచి వెండి. 1980 జనవరిలో వెండి ధర ఔన్సు 50 డాలర్ల దగ్గరకి ఎగబాకినప్పుడు బ్రిటన్‌లోనే ఈ మెడళ్ళు కుప్పలుగా మూసల్లోకి వెళ్ళాయి. ఇక్కడ దానికి ధర పెరగడం దాకా ఆగక్కర్లేదు. చార్ కమాన్ దాకా నడిస్తే చాలు. ఇందులోనే ఒక వెక్కిరింత కూడా ఉంది. అదే మెడల్ని చైనా, మాల్టా, భారత్‌లనుంచి వెళ్ళిన కూలీదళాలకి వెండిలో కాక కంచులో ఇచ్చారు. దాదాపు లక్షా పదివేలు. తుపాకి పట్టినవాడికి వెండి, మూటలు మోసినవాడికి కంచు. మనకి బాగా పరిచయమైన లెక్కే. కానీ కంచుని కరిగించి బాగుపడేవాడెవడు? అందుకని కూలివాడి మెడల్‌కి మూస గండం లేదు. పోసిందే తక్కువ కావడంతో ఈరోజు వేలంలో దానిదే పైచెయ్యి.

అయితే ఈ వాదన కొనడానికి సరిపోతుంది, సొంతం చేసుకోవడానికి సరిపోదు. బావిలో పడిన బిందెని పాతాళగరిగె వేసి తీసినవాడికి మెచ్చుకోలు దక్కాలి, కావాలంటే కూలీ దక్కాలి. బిందె దక్కదు. సరే, ఆ ఇంటివాళ్ళే కనబడకపోతే? అప్పుడు బిందె అతని దగ్గరే ఉంటుంది. ఉండటం వేరు, అతనిదవడం వేరు. అమ్ముకోవడం మరీ వేరు. నేను మూడోది చేశాను.

ఇలా రాస్తుంటే నాకే అనుమానమొస్తోంది, ఎక్కువ సెంటిమెంట్ పోతున్నానా అని. ఆ మెడల్ని బజారుకి తెచ్చింది నేను కాదు. వాళ్ళింటివాళ్ళే ఎప్పుడో అమ్మి ఉంటారు. ఆ సైనికుడే అమ్మి ఉండొచ్చు. పరాయి రాజుకోసం పరాయి నేలమీద పోరాడితే వాడి తల బొమ్మేసి ఇచ్చిన బిళ్ళ అది. గౌరవం అనుకోవాలా, ముట్టినట్టు రసీదు అనుకోవాలా? కరువొచ్చిన ఏడాది ఇంట్లో ఒక ఔన్సు వెండి ఉంటే దాన్ని గోడకి తగిలించి చూసుకోమనడానికి నేనెవర్ని? ఇంకా చెప్పాలంటే, అలాంటి మెడళ్ళు కొన్నయినా కరిగి కూతురి కాళ్ళకి పట్టీలై ఉంటాయి. ఆ పట్టీల కన్నా నా డ్రాయర్‌లో ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న మెడల్ ఎక్కువ గౌరవం పొందిందని నేను గట్టిగా చెప్పలేను. పట్టీలు ఆ ఇంట్లోనే ఉన్నాయి కదా.

ఇటువంటి విషయాల్లో చట్టం ఎక్కడో ఒకచోట గీత గీస్తుంది. అమెరికాలో మెడల్ ఆఫ్ ఆనర్‌ని కొనడం, అమ్మడం నేరం. అది నాకు వచ్చిందని అబద్ధం చెప్పడాన్ని కూడా 2005 చట్టంతో నేరం చేశారు. కాలిఫోర్నియాలో అల్వారెజ్ అనే ఆయన అలాగే కోసి దొరికిపోయాడు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అబద్ధమాడటం కూడా వాక్స్వాతంత్ర్యం కిందికే వస్తుందని 2012లో ఆ చట్టాన్ని కొట్టేశారు. తర్వాతి ఏడాది, అబద్ధంతో లాభం పొందితేనే నేరమని కొత్తది తెచ్చారు. నేను అబద్ధమాడలేదు. ఆ మెడల్ నాకొచ్చిందని ఎవరితోనూ అనలేదు. లాభం మాత్రం పొందాను. ఏ చట్టమూ నన్నేమీ అనదు.

కొనడం తప్పా? కాదనుకుంటాను. అమ్మడం? నాకు నచ్చట్లేదు కానీ తప్పని వాదించి గెలవలేను. నాకు నిద్రపట్టనివ్వనిది వేరే. ఆ పేరు రాసుకోవడానికి ఎంతసేపు పట్టేది? 40 సెకన్లు. ఒక పైసా ఖర్చులేదు. నా లాభం రూపాయి కూడా తగ్గేది కాదు. అయినా నేను రాసింది "ఎస్". వృత్తిరీత్యా మేం రోజూ చేసే పనే ఇది. అడ్రస్ ఉందా, ట్రూ. ఫోన్ ఉందా, ట్రూ. డేటా ఎంతో ఉంటుంది, మనకి కావలసింది అది ఉందో లేదో మాత్రమే. ఒక మనిషి పేరు నాకు ధర పెంచే లక్షణంగా మాత్రమే అవసరపడింది. వందేళ్ళు మూసని తప్పించుకుని నిలబడ్డ అక్షరాలు నా కేటలాగ్‌లో కరిగిపోయాయి.

బొంబాయి ఆయనకి మెసేజ్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చాడు. రెండేళ్ళ కిందటే ఒక లాట్‌లో కలిపి అమ్మేశాడట. తన రికార్డు చూసి చెప్పాడు: "ఇండియన్ యూనిట్, పేరు ఉంది."

*

ఈమధ్య ఇంకొకటి దొరికింది. అదే పెద్దాయన దగ్గరే, 27వ నంబరు. ఈసారి పేరుందా అన్న కాలమ్ తీసేశాను. అంచుమీద ఉన్నది ఉన్నట్టు, నంబరు, హోదా, పేరు, దళం, చివరి చుక్కతో సహా దించాను. ఇంటివాళ్ళని వెతకాలని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది అంచు ఎంత తక్కువ చెబుతుందో. ఊరు లేదు. తండ్రి పేరు లేదు. ఇంటిపేరు లేదు. ఉన్న పేరు కూడా ఎవరో గుమాస్తా తన చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసింది. నర్సయ్య, నర్సిములు, నరసింహం ముగ్గురూ అటువంటి గుమాస్తా చేతిలో ఒక్కడే అయిపోగలరు. కామన్వెల్త్ సమాధుల జాబితాల్లో చనిపోయినవాళ్ళుంటారు, కానీ ఈ మెడల్ బతికొచ్చినవాళ్ళకీ ఇచ్చారు. పంజాబ్‌వాళ్ళకి ఒక అదృష్టం పట్టింది. లాహోర్ మ్యూజియంలో పడున్న రిజిస్టర్లలోంచి 3 లక్షల 20 వేలమంది సైనికుల వివరాలు, ఊళ్ళవారీగా, 2021 నుంచి నెట్‌లో పెడుతున్నారు. నా సైనికుడు అందులో ఉండే అవకాశం లేదు.

ఆ పేరు ఇక్కడ రాయకపోవడం చూసి కొందరికి విసుగు రావచ్చు. ఇంత చెప్పి పేరు చెప్పడా అని. రాయాలనే మొదలుపెట్టాను, రెండుసార్లు రాసి కొట్టేశాను. వ్యాసానికి బలమొస్తుందని రాస్తున్నట్టు అనిపించింది. పేరుకి డబ్బులు వేరే తీసుకోవడంలో అదీ ఒక రకమే. వాళ్ళింటివాళ్ళెవరైనా ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే దొరికేటట్టు, దళం పేరుతో సహా షీటుని అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాను. వచ్చి నిజంగా అడిగితే ఇస్తానా? కొన్న ధర అడుగుతానేమో. అడగనని ఇప్పుడు చెప్పడం తేలిక.

చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే బార్కస్ వస్తుంది. బ్యారక్స్ అన్న మాటే నోళ్ళల్లో నలిగి అలా అయింది. నిజాం సైన్యంలో పనిచెయ్యడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఇంకా అక్కడే ఉంది. 1948 తర్వాత ఆ సైన్యం లేదు. అక్కడ జామపళ్ళు కొంటూ ఒకసారి దుకాణం పెద్దాయన్ని అడిగాను, మీ తాతల కాలం మెడళ్ళు, బిళ్ళలు ఏమైనా ఇంట్లో ఉన్నాయా అని. నా మొహంలోకి చూసి, "కొంటావా?" అన్నాడు. లేదు, ఊరికే చూద్దామని అన్నాను. "ఐతే ఉన్నాయి" అన్నాడు. చూపించలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

22వ నంబరు వరసలో ధర తీసేశాను. మైనస్ తీసేశాను. ఎలా వచ్చింది అన్నచోట వాళ్ళ నాన్న ఆపరేషన్ తేదీ, చార్మినార్ దగ్గర మేం చాయ్ తాగిన రోజు రాశాను. కండిషన్ కాలమ్‌లో ఇప్పుడు "గీత ఉంది. అడగాలి" అని ఉంది. వాడితో నెలకోసారైనా ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాను. ఇంకా అడగలేదు.